మైకు కర్ర పట్టుకున్నవాడి మాట

ఎలిజ్బార్ గురించి చెప్పమంటారు.
చెప్తాను కానీ
నాకు తెలిసిందంతా చెవులతోనే.
ముప్పై ఏళ్ళు అతని ఫ్రేముకి జానెడు పైన
మైకు కర్ర పట్టుకుని నిలబడ్డవాణ్ణి.
అతని సినిమాల్లో నేనెక్కడా కనపడను,
మూడో సినిమాలో గోడ మీద నీడగా తప్ప.
తీసేద్దామంటే వినలేదు.
"ఉండనీరా, వినేవాడొకడున్నాడని తెలియాలి" అన్నాడు.

పుట్టింది చియాతురాలో.
ఆ ఊరి పిల్లలు సైకిలు కంటే ముందు
తీగలబండి ఎక్కడం నేర్చుకుంటారు.
లోయ మీద ఇనుప తొట్టిలో వేలాడుతూ గనికి వెళ్ళే తండ్రి,
కిటికీకి ముక్కు ఆనించిన కొడుకు.
కింద మాంగనీసు కడిగిన నీళ్ళతో క్విరిలా నది
సిరాబుడ్డి ఒలికినట్టు.
"నా మొదటి ట్రాలీ షాటు అదే" అనేవాడు,
"ఖర్చు, మా నాన్న ఊపిరితిత్తులు."

తొంభైల్లో తిబిలిసీకి కరెంటు
అలిగిన చుట్టంలా వచ్చేది.
వస్తే రాత్రి రెండింటికి, ఉంటే గంట.
ఆ గంటలోనే వంటింటి బల్ల మీద ఎడిటింగు.
అప్పటికే రొట్టెల క్యూలో అతని భార్య నానూలీ,
అరచేతి మీద పెన్నుతో రాసిన నంబరు.
ఇంట్లో రీలు డబ్బాల మీదా నంబర్లే.
కిరసనాయిలు పొయ్యి దగ్గర వేళ్ళు కాచుకుంటూ
ఏ అతుకు ఊడుతుందోనని చూస్తుండేవాణ్ణి.
ఊడింది రీలు కాదు.
నానూలీ వెళ్ళిపోయిన తలుపు చప్పుడు
నా దగ్గరుంది, అనుకోకుండా రికార్డయింది.
అతను అడగలేదు.
నేను చెరపలేదు.

సినిమా శాఖ ఆఫీసులో
కథేమిటని అడిగారు.
"ఒక ముసలాయన తీగలబండి కోసం ఎదురుచూస్తాడు."
"తర్వాత?"
"వస్తుంది."
"తర్వాత?"
"ఎక్కడు."
బయటికొచ్చాక మెట్ల మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
చాలాసేపు నవ్వుకున్నాం,
జేబుల్లో చిల్లిగవ్వ లేదు.
కారు అమ్మి తీశాడు దాన్ని.
ఏదో పరాయి దేశం, పండగ పేరు నాకు నోరు తిరగదు,
హాల్లో పదకొండు మంది,
అందులో ఒకడు డ్యూటీలో ఉన్న ఫైరుమాన్.
చివరిదాకా కూర్చున్నది అతనొక్కడే.
ఎలిజ్బార్ వెళ్ళి అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

కడుపు నిండింది మాత్రం పెళ్ళిళ్ళతో.
జెస్తాఫోనీలో ఒక పెళ్ళి.
బల్ల పెద్ద లేచి దీవెన మీద దీవెన,
కొమ్ముల నిండా సారా,
వీడియో తియ్యాల్సిన మనిషి ఎక్కడా?
వెనక పెరట్లో
అక్రోట్లు దంచుతున్న ముసలమ్మల దగ్గర.
పెళ్ళికూతురు తెర మీద మూడు నిమిషాలుందేమో.
డబ్బు వెనక్కి లాక్కున్నారు,
మా ముఖాన కోడికూర గిన్నె ఒకటి పెట్టి పంపారు.
తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని
"బాగా వచ్చింది కదూ?" అన్నాడు.
కూర గురించనుకున్నాను.

ఇరవై రెండేళ్ళ తర్వాత, పోయిన చలికాలం,
ఆ పెళ్ళికూతురు ఆరంతస్తులు ఎక్కి వచ్చింది.
మ్జెకాలా. జుట్టు సగం నెరిసింది.
"మా నాయనమ్మ నవ్విన ఫోటో కూడా లేదు మా ఇంట్లో.
మీరు ఆ పెరట్లో తీశారు."

టేపు వెతికాం.
బొమ్మను బూజు తినేసింది,
పైనుంచి కిందికి బూడిదరంగు వాన.
అతని ముఖం చూడలేకపోయాను.
కానీ ధ్వని నాది, వేరే రీలు,
అప్పుడప్పుడూ తిప్పి గాలి తగలనిచ్చాను.

రోటి దెబ్బలు. ఎవరిదో దగ్గు.
మధ్యలో గరగరమంటూ ఒక నవ్వు,
ఆపబోయి ఆపలేక, మళ్ళీ మొదలై.
మ్జెకాలా కోటు విప్పకుండానే
నేల మీద కూర్చుండిపోయింది.

కంట్లో శుక్లాలతో ఎలిజ్బార్
నేనున్న వైపు కాస్త పక్కకి చూస్తూ,
"గిన్నెల మోత ఎక్కువైంది,
కర్ర ఇంకొంచెం దించాల్సింది" అన్నాడు.

అన్నాడే కానీ
మళ్ళీ వెయ్యమన్నాడు.